‘ఉష్ణోగ్రత’ అని రాస్తే స్క్రీన్ మీద ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. ఈసీఈ చదివి మూడేళ్లయింది, జీడిమెట్లలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కంట్రోల్ ప్యానెళ్లు చేస్తాం. ఇన్నాళ్లూ 16×2 ఎల్‌సీడీ, నాలుగు బటన్లతో నడిచింది. మా ఓనర్‌గారు ఎక్కడో ఎగ్జిబిషన్‌లో చూసొచ్చి ‘ఫోన్‌లా ఉండాలి, తెలుగులో ఉండాలి’ అంటున్నారు. ఈఎస్‌పీ32 అనే చిన్న చిప్ మీద 3.5 అంగుళాల టచ్ స్క్రీన్ పెట్టి, స్క్రీన్ గీసే లైబ్రరీ ఎల్‌వీజీఎల్ 8తో రెండు వారాలుగా కుస్తీ పడుతున్నాను. పేజీ మారితే షట్టర్ దించినట్టు పైనుంచి కిందికి మెల్లగా వస్తోంది. తెలుగు రాస్తే ఒత్తులు పక్కకొచ్చి కూర్చుంటున్నాయి. రెండు రోజులకోసారి హ్యాంగ్. కంప్రెసర్ ఆన్ అవగానే ఒక్కోసారి స్క్రీన్ మొత్తం తెల్లబడుతోంది. ఓనర్ ఏడంగుళాల స్క్రీన్‌తో రాస్‌బెర్రీ పై (చిన్న లైనక్స్ కంప్యూటర్ బోర్డు) పెట్టేయమంటున్నారు, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్యూటీ (స్క్రీన్లు తయారుచేసే ఇంకో సాఫ్ట్‌వేర్) కోర్సు చేస్తే అన్నీ తీరిపోతాయంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏది నేర్చుకోమంటారు?
– పేరు వేయొద్దు, జీడిమెట్ల

జవాబు:

తమ్ముడూ, నువ్వు నాలుగు జబ్బులు చెప్పి ఒకే మందు అడుగుతున్నావు. ‘పై’ పెడితే రెండు తగ్గుతాయి, ఒకటి అలాగే ఉంటుంది, నాలుగోది ఇంకా ముదురుతుంది. కాబట్టి కోర్సు ఫీజు కట్టే ముందు, ఓనర్‌గారితో కొత్త బోర్డు కొనిపించే ముందు, ఒక పేపరూ పెన్నూ తీసుకుని నాతో పాటు కూర్చో. ఈ పనిలో లైబ్రరీ ఏదన్నది చివరి ప్రశ్న, అందరూ దాన్నే మొదట అడుగుతారు.

ముందు ఆ షట్టర్ సంగతి. స్క్రీన్ ఎక్కడ కొన్నావో రాయలేదు కానీ కోఠీ గుజరాతీ గల్లీలోనే కొని ఉంటావు, నా మొదటి స్క్రీన్ కూడా అక్కడిదే. అక్కడ అందరం చేసే తప్పు ఒకటే, ‘మూడున్నర అంగుళాలది ఇవ్వండి’ అంటాం. అంగుళాలు కాదు అడగాల్సింది, దాని లోపల ఏ కంట్రోలర్ ఐసీ ఉందో అడగాలి. నీది ఐఎల్‌ఐ9488 అయి ఉంటుందని నా అనుమానం, వెనక్కి తిప్పి చూడు, లేదా నువ్వు వాడిన డ్రైవర్ ఫైలు పేరు చూడు. ఆ ఐసీకి ఎస్‌పీఐ (చిప్ నుంచి స్క్రీన్‌కు డేటా ఒక్కో బిట్‌గా వెళ్లే వైర్ల దారి) మీద 16 బిట్ల రంగు పంపడం కుదరదు, 18 బిట్లే తీసుకుంటుంది, అంటే ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) మూడేసి బైట్లు పోస్తున్నావన్నమాట. 480×320 అంటే 1,53,600 చుక్కలు. మూడుతో గుణిస్తే 4,60,800 బైట్లు, బిట్లలో 36,86,400. ఎస్‌పీఐ క్లాక్ 20 మెగాహెర్ట్జ్ మీద ఉంటే ఒక్క పేజీ అవతలికి చేరడానికే 184 మిల్లీసెకన్లు, ఇంకా ప్రాసెసర్ బొమ్మ గీసిన టైమ్ కలపనే లేదు. సెకనుకు ఐదు పేజీలు. ఇందులో ఎల్‌వీజీఎల్ తప్పేముంది? సన్నటి పైపులోంచి ట్యాంకు నింపుతూ మోటారును తిడితే ఎలా!

అదే సైజులో ఎస్‌టీ7796 ఐసీ ఉన్న స్క్రీన్ తెచ్చుకుంటే చుక్కకు రెండు బైట్లు చాలు. క్లాక్ 40కి పెంచితే అదే పేజీ 61 మిల్లీసెకన్లలో వెళ్తుంది. అయినా అసలు ఉపాయం అది కాదు. మారిన చోటు మాత్రమే పంపడం, అదీ ఉపాయం. టెంపరేచర్ అంకె ఉన్న డబ్బా 120×60 అనుకో, నీ పాత స్క్రీన్ మీదే అది 8.6 మిల్లీసెకన్ల పని, కంటికి తెలియదు కూడా. ఎల్‌వీజీఎల్ ఈ పని తనంతట తాను చేస్తుంది, మారిన డబ్బాలను గుర్తుపెట్టుకుని వాటినే మళ్లీ గీస్తుంది. చెడగొట్టేది మనమే. పేజీ పక్కకు జారుతూ రావాలి, వెనకాల రంగు మెల్లగా మారాలి అని యానిమేషన్లు పెడతాం, అప్పుడు స్క్రీన్ మొత్తం ‘మారిన చోటు’ అయి కూర్చుంటుంది. ఫోన్‌లో అవి బాగుంటాయి ఎందుకంటే ఫోన్‌లో గ్రాఫిక్స్‌కే వేరే ప్రాసెసర్ ఉంది. నీ దగ్గర లేదు, తీసెయ్. బఫర్లు (గీసిన బొమ్మను పంపేదాకా ఉంచే మెమరీ) రెండు పెట్టుకో, ఒక్కోటి స్క్రీన్‌లో పదో వంతు, అంటే 480×32, రెండు బైట్ల రంగుతో 30,720 బైట్లు, రెండూ కలిపి 60 కేబీ. ఒకటి డీఎంఏ (ప్రాసెసర్ చేయి పడకుండా డేటా మోసే భాగం) మోసుకెళ్తుంటే ప్రాసెసర్ రెండోదాంట్లో గీస్తుంది. పంపడం అయిపోయిందని లైబ్రరీకి చెప్పే కాల్ డీఎంఏ పూర్తయ్యాకే పెట్టు, ముందే పెట్టేసి ‘రంగులు చెదురుతున్నాయక్కా’ అని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

ఓనర్‌గారి ఏడంగుళాలకు కూడా ఇదే లెక్క చూపించు. 800×480, చుక్కకు రెండు బైట్లు, మొత్తం 7,68,000 బైట్లు. మామూలు ఈఎస్‌పీ32లో ఉన్న ర్యామే 520 కేబీ, అదీ మొత్తం నీ చేతికి రాదు. పైగా అలాంటి పెద్ద ఆర్‌జీబీ ప్యానెళ్లలో చాలావాటికి సొంత మెమరీ ఉండదు, సెకనుకు 60 సార్లు బొమ్మ మొత్తం మనమే పోస్తూ ఉండాలి, అంటే సెకనుకు నాలుగున్నర కోట్ల బైట్లు దాటుతాయి. దానికి బయట పీఎస్‌ర్యామ్ (అదనపు మెమరీ) ఉన్న ఈఎస్‌పీ32-ఎస్3 కావాలి, లేదా ఎస్‌టీఎం32ఎఫ్429 లాంటి, డిస్‌ప్లే కంట్రోలర్ లోపలే ఉన్న చిప్‌తో పాటు బయట ఎస్‌డీర్యామ్ కావాలి. ఎస్‌టీ కంపెనీ చిప్‌ల మీద టచ్‌జీఎఫ్ఎక్స్ అనే స్క్రీన్ లైబ్రరీ ఉచితంగా వాడుకోవచ్చు, బాగానే ఉంటుంది. కానీ నీ ప్యానెల్ చూపించాల్సిందల్లా రెండు అంకెలు, నాలుగు స్థితులు, ఒక అలారం. దానికి ఏడంగుళాలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇక తెలుగు. నాకు ఇష్టమైన గొడవ ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టు.

‘ఉష్ణోగ్రత’లో మన కంటికి కనిపించేవి నాలుగక్షరాలు. కంప్యూటర్‌కు అవి తొమ్మిది సంకేతాలు: ఉ, ష, పొల్లు, ణ, ఓత్వం, గ, పొల్లు, ర, త. షకు కింద ణ ఒత్తు చేరాలని, ఓత్వం ఆ షకే తగలాలని, గకు పక్కన రావత్తు చుట్టాలని చెప్పే బొమ్మలేమీ ఆ యూనికోడ్ సంకేతాల్లో ఉండవు. ఆ ఆకారాలు ఫాంటు లోపల ఉంటాయి, ఏ సంకేతాల వరుసకు ఏ ఆకారం వేయాలో చెప్పే నియమాలు కూడా ఫాంటులోనే ఉంటాయి. ఆ నియమాలు చదివి అమలు చేసే ఇంజన్ ఇంకొకటి కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. పేరు వింటే నవ్వొస్తుంది కానీ అది ఫార్సీ మాట, హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచిన, ఓపెన్‌టైప్ అన్న పేరుకే ఫార్సీ అనువాదం. మన చార్మినార్ దగ్గర ఏ ఉర్దూ సైన్‌బోర్డు రాసే ఆయన్ని అడిగినా హర్ఫ్ అంటే ఏంటో చెప్తాడు.

నువ్వు వాడే ఎల్‌వీజీఎల్ 8లో అరబిక్, పర్షియన్ అక్షరాలు కలిపే ఏర్పాటు ఉంది, మన ఒత్తులు కట్టే ఇంజన్ లేదు. ఒక సంకేతం చూస్తుంది, దాని బొమ్మ వేస్తుంది, పక్కకు జరుగుతుంది. అందుకే నీకు ఉష్‌ణోగ్‌రత అని ముక్కలొస్తున్నాయి. ఫాంటు మార్చి చూశానని రాశావా, రాయలేదు కానీ మార్చే ఉంటావు. వంద ఫాంట్లు మార్చినా ఇంతే.

నేనైతే ఇలా చేస్తాను. మీ ప్యానెల్‌లో తెలుగు మాటలు మొత్తం ఎన్ని ఉంటాయి? అరవై అనుకుందాం. అవేవీ ఆపరేటర్ టైప్ చేసేవి కావు, ముందే తెలిసినవి. కాబట్టి వాటిని పీసీ మీదే బొమ్మలుగా మార్చెయ్. ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి, పాంగో (హార్ఫ్‌బజ్‌ను వాడే లైబ్రరీ) ద్వారా నోటో సాన్స్ తెలుగు లాంటి స్వేచ్ఛగా వాడుకోదగ్గ ఫాంటుతో ఒక్కో మాటనూ గీయించి, చుక్కకు 4 బిట్ల పారదర్శకతతో సీ ఫైలుగా బయటికి తియ్. 200×32 బొమ్మ 3,200 బైట్లు, అరవైకి 1,92,000 బైట్లు, 4 ఎంబీ ఫ్లాష్‌లో అదొక లెక్కా? రంగు రన్‌టైమ్‌లో వేసుకోవచ్చు కాబట్టి అలారం వస్తే అదే బొమ్మ ఎర్రగా చూపించొచ్చు. అంకెలు మాత్రం మామూలు ఫాంటుతోనే, 0 నుంచి 9, చుక్క, మైనస్, డిగ్రీ గుర్తు, అంతే. ఈ స్క్రిప్ట్‌ను బిల్డ్‌లో కలిపెయ్. చేత్తో ఒక్కోటి ఫోటోషాప్‌లో చేశావో, ఓనర్‌గారు ‘ఈ మాట మార్చు’ అన్న ప్రతిసారీ ఏడుస్తావు.

ఒక జాగ్రత్త ఉంది, అంకెను వాక్యం మధ్యలో ఇరికించకు. ‘గది 3లో తలుపు 10 నిమిషాలుగా తెరిచి ఉంది’ అని పెడితే బొమ్మలు ముక్కలు కోసి అతకాల్సి వస్తుంది. పైన ‘తలుపు తెరిచి ఉంది’ అన్న బొమ్మ, కింద గది నంబరు, నిమిషాలు వేరే వేరే డబ్బాల్లో. చదివేవాడికీ అదే తేలిక.

చిప్ మీదే హార్ఫ్‌బజ్ నడపలేమా అంటే పీఎస్‌ర్యామ్ ఉన్న చిప్‌ల మీద నడపొచ్చు, చేసినవాళ్లూ ఉన్నారు, కానీ ఆపరేటర్ తెలుగులో పేర్లు టైప్ చేసే అవసరం ఉంటేనే ఆ కష్టం పడు.

ఇంకో మాట, నువ్వు అడగలేదు అయినా చెప్తాను. అసలు ‘ఉష్ణోగ్రత’ ఎవరికోసం రాస్తున్నావు? ఖమ్మంలోనో గుంటూరులోనో కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్ ఎవరైనా ఆ మాట అనగా విన్నావా? టెంపరేచర్ అంటారు, కంప్రెసర్ అంటారు, ‘డిఫ్రాస్ట్‌లో ఉంది సార్’ అంటారు. ‘శీతలీకరణ ప్రారంభమైనది’ అని రాశావంటే ఇంగ్లిష్‌కు మార్చే బటన్ ఎక్కడుందో వెతుక్కుంటారు. మాటల జాబితాను ఒకసారి నిజంగా షిఫ్టులో ఉన్న మనిషికి చదివి వినిపించి, ఆయన మళ్లీ ఏ మాటతో నీకు అప్పజెప్తాడో ఆ మాట రాసుకో.

హ్యాంగ్ గురించి నేను కోడ్ చూడకుండానే పందెం కాస్తాను. సెన్సర్ చదివే టాస్క్ ఒకటి ఉంది, అందులోంచే నేరుగా లేబుల్ టెక్స్ట్ మారుస్తున్నావు. ఎల్‌వీజీఎల్‌ను ఒకేసారి రెండు టాస్కులు ముట్టుకోకూడదు. తొంభై తొమ్మిది సార్లు ఏమీ కాదు, నూరోసారి అది గీస్తున్న మధ్యలో నువ్వు కింద నుంచి తీగ లాగినట్టు అవుతుంది, అందుకే రెండు రోజులకోసారి. సెన్సర్ టాస్క్ విలువను క్యూలో వేయాలి, స్క్రీన్ టాస్క్ ఒక్కటే దాన్ని తీసుకుని లేబుల్ మార్చాలి, లేదా మ్యూటెక్స్ (ఒకసారి ఒక టాస్క్‌నే రానిచ్చే తాళం) పెట్టు. నీకు కోర్సు అమ్మాలని చూస్తున్నవాళ్లు ఇది చెప్పి ఉండరు, క్యూటీలో కూడా వేరే థ్రెడ్‌లోంచి విడ్జెట్‌ను ముట్టుకుంటే ఇదే గతి.

కానీ హ్యాంగ్ అన్నావు కాబట్టి ఇంకో భయం పట్టుకుంది నాకు. స్క్రీన్ హ్యాంగ్ అయినప్పుడు కంప్రెసర్ ఏం చేస్తోంది? రెండూ ఒకే చిప్‌లో ఉంటే, తమ్ముడూ, లోపల ఉన్న బస్తాలు రైతులవి. కంట్రోల్‌కు వేరే చిన్న చిప్ పెట్టు, పాత బోర్డు ఉండనే ఉంది కదా, అదే ఉంచు. స్క్రీన్ బోర్డు దాన్ని ఆర్‌ఎస్-485 వైర్ల మీద మోడ్‌బస్ అనే పరికరాల భాషతో అడిగి చూపించడమే చేయాలి. మోడ్‌బస్ 1979 నాటిది, ముసలిది, అందుకే నమ్మొచ్చు. హెచ్‌పీ, ఎల్‌పీ కటౌట్లు (ప్రెజర్ మరీ పెరిగినా తగ్గినా కంప్రెసర్‌ను ఆపే స్విచ్‌లు) ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సంబంధం లేకుండా వైరింగ్‌లోనే ఉండాలి, అది మీ వాళ్లకు తెలిసే ఉంటుంది.

రాస్‌బెర్రీ పై గురించి నేను చెడ్డగా చెప్పను, నేనే పెట్టాను ఒకప్పుడు. ఒక కస్టమర్‌కు లైనక్స్ బోర్డు మీద క్యూటీతో చక్కటి స్క్రీన్ చేసిచ్చాం, తెలుగు కూడా ముత్యాల్లా వచ్చింది, ఎందుకంటే క్యూటీలో హార్ఫ్‌బజ్ ముందే ఉంటుంది. తీరా అక్కడ రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోయేది. వచ్చాక బోర్డు లేవడానికి అరనిమిషం దాకా నల్ల తెర. అక్కడి ఆపరేటర్ పాపం ఏమనుకుంటాడు, పని చేయట్లేదనుకుని ఎంసీబీ దించి ఎత్తేవాడు, అది మళ్లీ మొదటినుంచి లేచేది, మళ్లీ దించేవాడు. రెండు నెలల్లో ఎస్‌డీ కార్డులో ఫైళ్లు పాడై అసలు లేవనే లేదు. ఆదివారం పూట నేను బస్సెక్కి వెళ్లాను. తర్వాత రూట్ ఫైల్ సిస్టమ్‌ను రీడ్ ఓన్లీ చేశాం, కార్డు బదులు ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించిన మెమరీ) ఉన్న బోర్డుకు మారాం, బిల్డ్‌రూట్ అనే టూల్‌తో అనవసరమైనదంతా పీకేసి డెస్క్‌టాప్ లేకుండా క్యూటీని నేరుగా స్క్రీన్ మీద నడిపాం. అవన్నీ చేస్తే లైనక్స్ బాగానే ఉంటుంది. చేయకుండా కార్డు గుచ్చి ఇచ్చేస్తే ఉండదు. ఇంకా క్యూటీ లైసెన్స్ ఎల్‌జీపీఎల్ 3 షరతులు అమ్మే వస్తువులో పెట్టే ముందు మీ ఓనర్‌గారు చదవాలి లేదా చదివించాలి. ఎల్‌వీజీఎల్‌ది ఎంఐటీ లైసెన్స్, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, ఆ తలనొప్పి లేదు.

టచ్ మాత్రం వద్దు అంటాను, ఓనర్‌గారికి కోపం వచ్చినా సరే. చలిగదిలోంచి గ్లౌజులతో, తడి చేతులతో, మిర్చి దుమ్ముతో వచ్చిన మనిషి ముట్టుకునేది అది. ఫోన్‌లో ఉండే కెపాసిటివ్ టచ్‌కు మామూలు గ్లౌజు పడదు, నీటి చుక్క పడితే దాన్నే వేలనుకుంటుంది. రెసిస్టివ్ అయితే నొక్కితే పని చేస్తుంది, కానీ పైపొర మీద గీతలు పడతాయి. మీ పాత నాలుగు బటన్లు ఉన్నాయి చూడు, అవి బంగారం. ఎల్‌వీజీఎల్‌లో కీప్యాడ్‌తో నడిపే ఏర్పాటు ఉంది, విడ్జెట్లను ఒక గ్రూపులో పెడితే బటన్‌తో ఒక్కోదాని మీదికి వెళ్లొచ్చు. రంగుల స్క్రీన్, పెద్ద అంకె, తెలుగు మాట, కింద నాలుగు బటన్లు. తప్పదు టచ్ కావాల్సిందే అంటే ప్రతి బటన్ కనీసం సెంటీమీటరు ఉండాలి, నీ మూడున్నర అంగుళాల మీద అది 65 చుక్కలు. పేజీని అసలు సైజులో ప్రింట్ తీసి గోడకు ప్యానెల్ ఎత్తులో అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి చదివించు. ఆ ప్రింట్ ఖర్చు ఐదు రూపాయలు, అది చెప్పే నిజం పీసీ సిమ్యులేటర్ చెప్పదు. సిమ్యులేటర్ మంచిదే, పేజీలు కూర్చుకోవడానికి రోజూ వాడు, కానీ వేగం విషయంలో అది పచ్చి అబద్ధాలకోరు.

కోర్సా? ఇప్పుడు వద్దు. ఆ డబ్బుతో రెండు మూడు రకాల స్క్రీన్లు కొనుక్కుని, వాటి డేటాషీట్లు పక్కన పెట్టుకుని, లైబ్రరీ లేకుండా ఒక ఎర్ర డబ్బా గీయి. డీఎంఏతో గీయి. బైట్లు తారుమారై ఎరుపు నీలంగా వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో కనుక్కో. తర్వాత ఏ లైబ్రరీ అయినా వారం పని. క్యూటీ ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకుందువుగాని, హైదరాబాద్‌లో కార్ల డిస్‌ప్లేలు, మెడికల్ పరికరాల మీద పనిచేసే కంపెనీలకు వెళ్లాలనుకుంటే పనికొస్తుంది. ప్యానెల్ బయటి డబ్బా చేయించడానికి రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనాలు తయారుచేసుకునే కేంద్రం ఉంది, 2023లో మొదలైంది, ఒకసారి వెళ్లి చూడు.

చివరికి మిగిలింది ఆ తెల్లబడటం. దీన్ని మాత్రం సోమవారం ఆఫీసుకు వెళ్లగానే మొదట చూడు, ఎందుకంటే మిగతావన్నీ సరిచేసినా ఇదొక్కటి ఉంటే సైటు నుంచి ఫోన్లు ఆగవు, ‘పై’ పెట్టినా కాంటాక్టర్ (కంప్రెసర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) అదే కదా, ఈసారి బోర్డే రీస్టార్ట్ అవుతుంది, కార్డు పాడవుతుంది. కంప్రెసర్ కాంటాక్టర్ కాయిల్ వదిలినప్పుడు, పట్టినప్పుడు వచ్చే కుదుపు నీ ఎస్‌పీఐ వైర్ల మీద పడుతోంది. స్క్రీన్ ఐసీ రీసెట్ అయిపోయి తెల్లముఖం వేస్తుంది, నీ ప్రోగ్రామ్‌కు ఆ సంగతే తెలియదు, అది హాయిగా గీస్తూనే ఉంటుంది. కాయిల్‌కు అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ (ఆ కుదుపును మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టు. స్క్రీన్‌కు వెళ్లే వైర్లు పొట్టిగా చెయ్యి, పవర్ వైర్ల కట్టలో కలిపి కట్టకు. బోర్డు సప్లైను కాంటాక్టర్ సప్లై నుంచి విడదియ్. ఇవన్నీ చేశాక కూడా రక్షణగా, కాంటాక్టర్ స్థితి మారిన అర సెకను తర్వాత స్క్రీన్ ఐసీని మళ్లీ ఇనిషియలైజ్ చేసి పేజీ మొత్తం ఒకసారి గీయించు, ఆ 184 మిల్లీసెకన్లు ఎవరూ పట్టించుకోరు. దాని తర్వాత కూడా తెల్లబడితే ఆ వైర్లు ఎంత పొడవున్నాయో, ప్యానెల్ లోపలి ఫోటోతో సహా పంపు.